పల్లెలో ఇల్లు: ఏ కాగితం ఏ ప్రశ్నకు జవాబు

కొత్త ఇంటికి ముగ్గు పోసి పునాది తవ్వడం మొదలుపెట్టిన రోజునే పక్కింటివాళ్లు వచ్చి "మా హద్దు ఇక్కడిదాకా" అంటారు. అప్పుడు పల్లెలో చాలా కుటుంబాలు బీరువా తెరిచి చేతికందిన కాగితాలన్నీ బయటపెడతాయి. తాత పేరు మీద ఇంటి పన్ను రసీదు, నాన్న పేరు మీద కరెంటు బిల్లు, ఎప్పుడో పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాల పత్రం, ఆ ఇంటి నంబరుతో రేషన్ కార్డు. ఇన్ని ఉన్నాయి కదా అన్న ధీమాతో ఇన్నేళ్లూ గడిచిపోయాయి. తీరా చూస్తే ఆ హద్దు ఎక్కడుందో వాటిలో ఒక్కటీ చెప్పదు. ఆ స్థలం ఎవరిదో కూడా తేల్చదు.

ఇందులో ఎవరి మోసమూ లేదు. ఒక్కో ఆఫీసు తన పనికి కావలసిన ప్రశ్న ఒకటి వేసి, దానికి జవాబు రాసుకుని, ఒక కాగితం చేతికిస్తుంది. పన్ను ఎవరు కడతారన్నది పంచాయతీ ప్రశ్న. కరెంటు ఎవరు వాడుతున్నారు, బిల్లు ఎవరి పేర కొట్టాలి అన్నది విద్యుత్ సంస్థ ప్రశ్న. భూమి ఏ రకానిదో రెవెన్యూవాళ్లకు కావాలి. ఎవరు ఎవరికి రాసిచ్చారో రిజిస్ట్రారు ఆఫీసుకు కావాలి. ఒకచోట చెల్లిన జవాబు ఇంకొకచోట చెల్లదు. పల్లెలో ఇల్లు కట్టుకునేవాళ్లు, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు చిక్కుల్లో పడేది ఎక్కువగా ఇక్కడే. నియమాలు తెలియక పడేవాళ్లకంటే, ఒక ప్రశ్నకు రాసిన జవాబును ఇంకో ప్రశ్నకు చూపించి పడేవాళ్లే ఎక్కువ.

ఒకే సర్వే నంబరులో ఊరంతా

ఈ గందరగోళానికి మూలం గ్రామకంఠం. చిత్తూరు వైపు గ్రామ నత్తం అంటారు, తెలంగాణలో ఆబాదీ అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. పాత సర్వే, సెటిల్‌మెంటు జరిగినప్పుడు సర్కారు దృష్టి అంతా శిస్తు వచ్చే భూమి మీదే ఉంది. పొలాలను గట్టు గట్టుకూ కొలిచారు, ప్రతి కమతానికీ నంబరు వేశారు. జనం కాపురముండే చోటు మీద శిస్తు లేదు కాబట్టి దాన్ని మొత్తంగా ఒక ముక్కగా గీసి, ఒక నంబరిచ్చి, గ్రామకంఠం అని రాసి వదిలేశారు. లోపల ఎవరి ఇల్లు ఎంత, ఎవరి దొడ్డి ఎక్కడిదాకా అన్న లెక్క రాసుకోలేదు. అందుకే పొలం ఉన్న రైతుకు అడంగలో పహాణీయో (సాగు వివరాల రికార్డు) ఉంటుంది, ఒన్ బీ (భూమి హక్కుల రికార్డు) ఉంటుంది, పాస్‌బుక్ ఉంటుంది. అదే రైతు ఇంటికి ఇలాంటిదేమీ ఉండదు. రెండెకరాల చెలకకు ఉన్న కాగితం, జీవితకాలపు కష్టం పోసి కట్టుకున్న ఇంటికి లేదు.

ఊళ్లో అందరికీ అందరూ తెలిసినన్నాళ్లు ఇది ఇబ్బంది అనిపించలేదు. ఎవరి గోడ ఎవరిదో చెప్పడానికి పెద్దలు ఉండేవారు. బ్యాంకులో ఇంటి అప్పు అడిగినప్పుడు, రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు, అన్నదమ్ముల్లో ఒకరు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడి తన వాటా అమ్ముకుంటానన్నప్పుడు ఆ లోటు బయటపడింది. దానికి తోడు, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద అమ్మకూడని భూముల జాబితాలు తయారుచేసినప్పుడు చాలాచోట్ల గ్రామకంఠం నంబర్లు కూడా వాటిలో పడిపోయాయి. తరతరాలుగా కాపురమున్న ఇళ్లను ప్రభుత్వ భూమిలా చూస్తున్నారని జనం కోర్టులకెక్కారు. గ్రామకంఠం అన్నంత మాత్రాన అది ప్రభుత్వ భూమి అయిపోదని హైకోర్టు పలు కేసుల్లో చెప్పింది. ఆ మాట న్యాయమైనదే. కానీ తీర్పు వచ్చింది ఒక్కొక్కరి కేసులో, జాబితాలో చిక్కుకున్నది ఊళ్లకు ఊళ్లు. కొనబోయేవాళ్లు చేయదగింది ఒకటే: బయానా ఇవ్వకముందే ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకోవడం. అయిదు నిమిషాల పని. దాన్ని విడిచిపెట్టి ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

ఇంటి పన్ను రసీదు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పంచాయతీ డిమాండు రిజిస్టరులో పేరు ఎక్కడమంటే ఆ ఇంటికి పన్ను కట్టే బాధ్యత ఆ పేరుకు చుట్టుకుందని మాత్రమే అర్థం. అది హక్కు పత్రం కాదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు. అలాగని రసీదు పారేయదగింది కూడా కాదు. ముప్పై, నలభై ఏళ్లుగా వరుసగా ఒకే కుటుంబం కట్టిన రసీదులు ఆ కుటుంబం అక్కడ కాపురమున్నదనడానికి గట్టి సాక్ష్యం. గ్రామకంఠంలో వేరే కాగితమే లేనప్పుడు ఆ సాక్ష్యానికి బరువు ఎక్కువ. తండ్రి పోయాక పేరు మార్పించుకోకపోవడం, ఏళ్ల తరబడి పన్ను కట్టకుండా బకాయి పెట్టడం, ఇల్లు పడిపోతే ఖాళీ స్థలానికి ఏం పన్నులే అని ఊరుకోవడం, ఇవన్నీ ఆ సాక్ష్యాన్ని చేతులారా చెరిపేసుకోవడమే.

సర్పంచికి చెబితే చాలదా?

పల్లెలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఏమిటి అన్న ఆశ్చర్యం ఇప్పటికీ ఉంది. అనుమతి కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం కిందా, 2002లో జీవో 67 ద్వారా వచ్చిన గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నియమాల కిందా ఈ అధికారం పంచాయతీకి వచ్చింది. అందులో ఒక గీత ఉంది: 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి, అంటే కింద ఒకటీ పైన రెండూ అంతస్తులకు, పంచాయతీయే అనుమతి ఇవ్వవచ్చు. 300 చదరపు మీటర్లంటే సుమారు 359 చదరపు గజాలు. ఆ గీత దాటితే పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ సాంకేతిక ఆమోదం ముందు రావాలి. తెలంగాణ 2018లో తన సొంత పంచాయతీరాజ్ చట్టం తెచ్చుకున్నా ఈ గీత దాదాపు అక్కడే ఉంది.

ఈ గీత ఎందుకు పెట్టారన్నది పెద్దగా ఎవరూ వివరించరు. పంచాయతీ కార్యదర్శి ఇంజినీరు కాడు. రెండు పై అంతస్తుల వరకు మామూలు పిల్లర్లతో మేస్త్రీలు అలవాటుగా కట్టేస్తారు, లెక్క తప్పినా కొంత మిగులు ఉంటుంది. అంతకు మించితే నేల ఎంత బరువు మోస్తుంది, పునాది ఎంత లోతుండాలి, చువ్వ ఎంత మందం అన్న లెక్క ఇంజినీరు వేయాల్సిందే. 2025 మార్చి 26న భద్రాచలంలో కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి కూలీల ప్రాణాలు పోయాయి. భద్రాచలం చూడటానికి పట్నం, పాలనలో గ్రామ పంచాయతీ. ఊరు పెరిగి పట్నమైపోయినా కాగితం మీద పంచాయతీగానే ఉన్న మేజర్ పంచాయతీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది వాటిల్లోనే. ఎందుకంటే స్థలం ధర పట్నం ధర, తనిఖీ పల్లె తనిఖీ.

ఇంకో సంగతి. తమ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వెళ్లిందన్న విషయం చాలామంది గ్రామస్థులకు తెలియదు. హైదరాబాదు చుట్టూ హెచ్‌ఎండీఏ, అమరావతి చుట్టూ సీఆర్‌డీఏ ఉన్నట్టే జిల్లా కేంద్రాల చుట్టూ కూడా ఇలాంటి సంస్థలు వచ్చాయి. పంచాయతీ ఆఫీసు అదే, సర్పంచి అదే, బోర్డు మీద పేరూ మారదు. కానీ మాస్టర్ ప్లానులో ఆ స్థలం మీదుగా వంద అడుగుల రోడ్డు గీసి ఉండవచ్చు, లేదా ఆ పొలం పచ్చదనం కోసం కేటాయించిన చోటు కావచ్చు. ఈ పరిధిలో చెరువుల దగ్గర నియమం కూడా కఠినం: పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువుకు నిండుమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో నెర్రెలిచ్చిన కుంటను చూసి ఇక్కడ నీళ్లెక్కడివి అనుకుని కొన్నవాళ్లు వానాకాలంలో జవాబు చూస్తారు. జాతీయ రహదారి పక్కనైతే ఊరి బయట రోడ్డు మధ్యగీత నుంచి 40 మీటర్ల లోపు కట్టడం కూడదని, 75 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుందని రహదారుల శాఖ నియమం. ధాబా పెట్టుకుందామని రోడ్డు పక్క సెంట్లు కొనేవాళ్లకు ఇది చెప్పే బ్రోకరు అరుదు.

ప్రభుత్వ సాయంతో కట్టే ఇంటికి వేరే లెక్క ఉంది. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల రూపాయలు దశలవారీగా వస్తాయి, సొంత స్థలం ఉండాలి, ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 మించకూడదు. ఎలాగూ కడుతున్నాం కదా, ఇంకో గది వేసుకుందామని పునాది పెంచుకున్నవాళ్లకు బిల్లులు ఆగాయి. పంచాయతీ ఒప్పుకున్నంత మాత్రాన పథకం ఒప్పుకోదు, అది అడిగే ప్రశ్న వేరు. ఇక్కడ మాత్రం లబ్ధిదారుల తప్పు తక్కువ. పునాది కొలత గీయడానికి ముందే ఎవరో ఒకరు వచ్చి 600 అడుగుల గీత ఎక్కడిదాకా వస్తుందో నేల మీద చూపిస్తే సరిపోయేది.

పొలంలో ఇల్లు, ఫామ్ ప్లాటు

పట్టా పొలం సొంతదారు తన పొలంలో ఇల్లు కట్టుకుంటే అడిగేదెవరు అన్నది ఇంకో నమ్మకం. వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే ముందుగా మార్పిడి చేయించుకోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 2006లో చట్టం వచ్చింది. జనం నోట్లో అది నాలా. భూమి ధరలో ఇంత శాతమని కట్టి అనుమతి తెచ్చుకోవాలి. తెలంగాణలో 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఈ పని తహసీల్దారు దగ్గరికి చేరింది. 2025లో భూభారతి ఆ స్థానంలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది నాలా చట్టాన్ని రద్దు చేసి, దానికి బదులు అభివృద్ధి చార్జీ వసూలు చేసే దారి పట్టింది. పేరు మారినా పొలం పొలంగా ఉండకపోతే సర్కారుకు ఏదో ఒక రుసుము కట్టాల్సిందే.

ఇక్కడ అసలు ప్రమాదం ఫామ్ ప్లాట్లది. ఎకరాల భూమి కొని, మట్టి రోడ్లు వేసి, రెండు గుంటలు, అయిదు గుంటలుగా ముక్కలు చేసి, నాలుగు మామిడి మొక్కలు నాటి అమ్ముతారు. కాగితం మీద అది వ్యవసాయ భూమే, రిజిస్ట్రేషన్ జరిగితే అలాగే జరుగుతుంది. లేఅవుట్ కాదు కాబట్టి పంచాయతీకి రాసిచ్చిన రోడ్డు లేదు, పది శాతం ఖాళీ స్థలం లేదు, కాలువ లేదు. కొన్నవాళ్లు ఇల్లు కట్టుకుందామని వెళ్తే భూమి మార్పిడి కావాలంటారు, మార్పిడి జరిగినా లేఅవుట్ ఆమోదం ఏదంటారు. 2020 ఆగస్టులో తెలంగాణ అనధికార లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపి, క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అన్ని లక్షల కుటుంబాలూ అమాయకంగా మోసపోయాయనుకోవడం కష్టం. రేపెప్పుడో సర్కారే క్రమబద్ధీకరిస్తుందిలే అన్న భరోసాతో కొన్నవాళ్లు వాళ్లలో తక్కువేమీ లేరు. ఆ భరోసా ఇచ్చిందీ పదే పదే వచ్చిన క్రమబద్ధీకరణ పథకాలే.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఈ ఫామ్ ప్లాట్లకు పెద్ద గిరాకీ. వాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది. విదేశీ మారకద్రవ్య నియమాల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు) మన దేశంలో ఇల్లు కొనవచ్చు, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కొనడానికి అమ్మాయి పేరో బావమరిది పేరో వాడితే హక్కు కూడా ఆ పేరుకే పోతుందన్నది తర్వాతెప్పుడో గుర్తుకొస్తుంది. ఊళ్లో ఉన్న పాత ఇంటి పనికి అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది మన దేశంలో చేతికందిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈ గడువు దాటిన కాగితం పట్టుకుని అన్నగారో బాబాయిగారో రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కి దిగడం మామూలైపోయింది.

మన్యంలో నియమం పూర్తిగా వేరు. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో 1/70 అని అందరూ పిలిచే నిబంధన ఉంది. 1959 నాటి భూ బదిలీ నియమావళిని 1970లో సవరించినది అది. ఆ ప్రకారం గిరిజనేతరులు అక్కడ స్థిరాస్తి పొందలేరు. అమ్మేది గిరిజనేతరులే అయినా కొనేవాళ్లు గిరిజనులై ఉండాలి. ఇల్లు, ఇంటి స్థలం కూడా స్థిరాస్తే. అక్కడ పంచాయతీ ఇచ్చిన ఇంటి నంబరు, పదేళ్ల కరెంటు బిల్లులు ఈ నిబంధన ముందు నిలవవు. అడవి బిడ్డల భూమి నిలబడటానికి ఉన్న కొద్దిపాటి కంచె అది, దాన్ని తప్పించుకునే దారులు వెతకడం తగదు. ఇతర ప్రాంతాల్లో ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూముల అమ్మకానికి 1977 చట్టం అడ్డుంటుంది. భూమి చౌకగా వస్తోందంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది డీ పట్టానా అన్నదే.

కరెంటు తీగ, మీటరు మీద పేరు

కరెంటు విషయంలో చట్టం పల్లె జనానికి అనుకూలంగా ఉంది, ఆ సంగతి తెలిసినవాళ్లే తక్కువ. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని గానీ, అందులో కాపురమున్నవాళ్లు గానీ అడిగితే సరఫరా ఇవ్వడం సంస్థ బాధ్యత. "గానీ" అన్న మాటే ఇక్కడ ముఖ్యం. హక్కు తేల్చే పని డిస్కంది, అంటే కరెంటు సరఫరా చేసే సంస్థది కాదు, అక్కడ ఎవరుంటున్నారో చూస్తే చాలు. 2022లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: కరెంటు కనీస అవసరం, ఇంటి యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో కాపురమున్నవాళ్లకు దాన్ని కాదనకూడదు. కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నియమాలను 2024లో సవరించాక, పల్లెల్లో కొత్త సర్వీసు 15 రోజుల్లో ఇవ్వాలి, కొండ ప్రాంత గ్రామాల్లో 30 రోజుల్లో. గ్రామకంఠంలో ఇల్లు, రిజిస్టరు పత్రం లేదు, కరెంటు ఇవ్వరేమో అన్న భయం అక్కర్లేదు. అయితే ఇంత తేలిగ్గా దొరికింది కాబట్టే ఆ మీటరు హక్కుకు సాక్ష్యంగా చెల్లదు. ఈ రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు.

మీటరు మీద ఇంకా తాత పేరే ఉండటం పల్లెల్లో సర్వసాధారణం. బిల్లు కడుతున్నంతకాలం లైన్‌మన్ అడగడు. పేరు అడ్డొచ్చేది వేరేచోట. ఇంటి మీద సౌర పలకలు పెట్టుకోవడానికి 2024లో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ. దరఖాస్తు చేసేవారి పేరుకూ సర్వీసు మీద పేరుకూ పొంతన కుదరాలి. తాత పోయి ఇరవై ఏళ్లయ్యాక మరణ ధృవపత్రం, వారసుల సమ్మతి పత్రాలు కూడగట్టుకోవడం కంటే, అప్పటికప్పుడు పేరు మార్పించుకోవడం ఎంతో తేలిక. పాత ఇల్లు కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: పాత యజమాని పెట్టిపోయిన బకాయిని కొత్తవారి నుంచి వసూలు చేసేందుకు నియమాలు వీలిస్తే ఆ వసూలు చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఇల్లు బేరానికి వస్తే, గోడల కంటే ముందు సర్వీసు నంబరుతో బకాయి చూసుకోవడం మంచిది.

వ్యవసాయ సర్వీసు నుంచి పొలంలోని ఇంటికో, రోడ్డు మీద కొట్టుకో తీగ లాక్కోవడం కూడా ఉంది. ఉచిత కరెంటు ఇచ్చింది మోటారుకు. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్కగట్టి, వర్తించే ధరకు రెట్టింపు వేస్తారు. చిన్న దుకాణానికి అది మోయలేని భారం. పక్కనే వేరే మీటరు పెట్టించుకోవడానికయ్యే ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు.

ఇక తీగల దూరం. కాగితాల చిక్కు డబ్బుతో తీరుతుంది, తీగ చిక్కు ప్రాణంతో తీరుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాల్లో కొలతలు స్పష్టంగా ఉన్నాయి. ఇంటింటికీ వచ్చే మామూలు లైను కప్పు మీదుగా పోతే కప్పుకూ తీగకూ నడుమ 2.5 మీటర్లు, పక్కగా పోతే 1.2 మీటర్లు ఉండాలి. 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైనైతే పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు. 33 కేవీకి పక్కన 2 మీటర్లు. 3.7 మీటర్లంటే పన్నెండు అడుగుల పైమాట. పెంకుటిల్లు ఉన్నప్పుడు తీగ ఎంతో ఎత్తున ఉన్నట్టే ఉంటుంది. దాన్ని పడగొట్టి డాబా వేసి, దాని మీద ఇంకో అంతస్తు లేపితే అదే తీగ చేతికందే ఎత్తుకు వస్తుంది. ఆ అంతస్తు పూర్తయ్యాక కాదు, స్లాబుకు చువ్వలు పైకి అందించేటప్పుడే మేస్త్రీలు, కూలీలు షాక్ కొట్టి పోతారు. ఇరవై అడుగుల చువ్వ నిలబెడితే దాని కొన ఎక్కడిదాకా పోతుందో కింద పట్టుకున్నవారికి తెలియదు. పైగా పదకొండు వేల లైనుకు చువ్వ ఆనించనక్కర్లేదు, బాగా దగ్గరికి పోతే చాలు.

మరి లైను మార్చే ఖర్చు ఎవరిది? ఈ తగాదా ప్రతి సబ్‌స్టేషన్ దగ్గరా వినిపిస్తుంది. ఏది ముందు వచ్చిందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. లైను ముందు నుంచే ఉండి, ఇల్లు దాని కిందికో పక్కకో పెరుగుతుంటే, కట్టేవాళ్లు ముందుగా లిఖితపూర్వకంగా డిస్కంకు, విద్యుత్ తనిఖీ అధికారికి తెలపాలి, మార్చే ఖర్చు వాళ్లే భరించాలి. ఇల్లు ముందు ఉండి, దాని మీదుగా కొత్తగా లైను వేయబోతుంటే సంస్థ యజమాని సమ్మతి తీసుకోవాలి. అభ్యంతరం చెబితే జిల్లా కలెక్టరు స్థాయిలో అనుమతి తెచ్చుకుని గానీ వేయకూడదని 2006 నాటి నియమాలు చెబుతున్నాయి. అభ్యంతరం నోటిమాటగా లైన్‌మన్‌తో చెబితే అది ఎక్కడా నమోదు కాదు. స్తంభం నాటకముందే కాగితం మీద రాసి, డిస్కం అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర ఉంచుకోవాలి. ఖర్చుకు భయపడి చెప్పకుండా కట్టేసుకోవడమే ఎక్కువ జరుగుతోంది. పేద కుటుంబానికి రెండు స్తంభాలు మార్చే ఖర్చు నిజంగానే పెద్దది. ఊరి మధ్యలోంచి పోయే పాత 11 కేవీ లైన్లను ఊరి బయటికి మార్చే పని ప్రభుత్వాలే మీదేసుకోవాలి. ఆ లైన్లు వేసిన రోజుల్లో అక్కడ పూరిళ్లు ఉండేవి, ఇప్పుడు డాబాలు లేస్తాయని అందరికీ తెలుసు.

బోరు, కుళాయి, మరుగు

నీటి విషయంలో పెద్ద నియమం వాల్టా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం. ఇంటి కోసమైనా సరే, మోటారు బోరు వేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. తాగునీటి చేతిపంపుకు మినహాయింపు ఉంది. ఊరి మంచినీటి బోరుకో బావికో 250 మీటర్ల లోపు మోటారు బోరు వేయకూడదు. ఊరి నడుమ ఈ దూరం దొరకడం దాదాపు అసాధ్యం, రాత్రికి రాత్రే రిగ్గు వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోవడానికి కారణం కూడా అదే. ఎండాకాలంలో ఊరి బోరు ఎండిపోతే దాని చుట్టూ ఎన్ని సొంత బోర్లున్నాయో లెక్కపెట్టే పని ఎవరికీ రుచించదు. ఆవరణలో పెద్ద చెట్టు కొట్టాలన్నా ఇదే చట్టం కింద అనుమతి కావాలి.

కుళాయి, తెలంగాణలో నల్లా, పంచాయతీ చేతిలోది. మిషన్ భగీరథ లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు, జల జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. కుళాయికి మోటారు బిగించి లాగితే వీధి చివరి ఇళ్లకు ఆ లీటర్లు అందవు. మరుగుదొడ్డి గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం పది మీటర్లు ఉండాలన్నది మామూలుగా చెప్పే దూరం. కోనసీమలాంటి చోట్ల నీళ్లు నాలుగడుగుల్లోనే తగులుతాయి, ఇసుక నేల మురుగును వడకట్టదు. అక్కడ ఆ పది మీటర్లు కూడా చాలవు, అడుగు మూసిన ట్యాంకు కట్టుకోవాలి. అనుమతి ప్లానులో గుంత ఎక్కడ తవ్వుతారో గీసేవాళ్లు తక్కువ, పక్కింటి బోరు ఎక్కడుందో గీసేవాళ్లు అసలే లేరు.

ఇప్పుడు మళ్లీ హద్దు దగ్గరికి. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్లతో గ్రామకంఠాన్ని ఫొటో తీసి, ఇంటింటికీ పటం గీసి, ఆస్తి కార్డు ఇవ్వాలన్నది దాని పని. ఆంధ్రప్రదేశ్ అందులో చేరింది. తెలంగాణ ప్రయోగ దశలోని కొద్ది ఊళ్లతో ఆగింది, అయితే భూభారతి చట్టంలో ఆబాదీ ఇళ్లకు కూడా హక్కుల రికార్డు తయారుచేసే ఏర్పాటు పెట్టుకుంది. శిస్తు లేదని నాటి సర్వేలో వదిలేసిన ప్రశ్నను సర్కారు మొదటిసారి నేరుగా వేస్తోంది: ఈ ఇల్లు ఎవరిది, ఎక్కడిదాకా?

డ్రోన్ ఎగరడానికి ముందు ఊళ్లో ప్రతి ఇంటి హద్దు వెంట సున్నంతో గీత గీస్తారు. పైనుంచి కెమెరాకు కనిపించేది ఆ తెల్లగీతే. కప్పు ఒకటిగా ఉన్న ఉమ్మడి ఇంట్లో అన్నదమ్ముల వాటాల మధ్య గీత ఎవరూ గీయకపోతే పటంలో అది ఒకే ఇల్లు. తర్వాత ముసాయిదా పటం పంచాయతీలో పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. హైదరాబాదులో, దుబాయిలో, డల్లాస్‌లో ఉన్నవాళ్లకు ఆ తేదీలు ఊళ్లోవాళ్లు చెబితేనే తెలుస్తాయి. సున్నం గీసే రోజున పాత రసీదులు, తెల్లకాగితపు పంపకాల పత్రం పట్టుకుని ఇంటి ముందు నిలబడాల్సింది ఆ ఇంటివాళ్లే, పక్కింటివాళ్లను కూడా పిలిచి.